శాస్త్రానికి ఒక ముక్క

విజ్ఞానానికీ మతానికీ పొత్తు కుదురుతుందా లేదా అని పెద్దపెద్ద వాళ్ళు ఇంకా తలలు బద్దలు కొట్టుకుంటున్నారట. వాళ్ళందరినీ ఒకసారి ముంబయి పక్కనున్న మా భివండికి తోలుకు రావాలి. ఇక్కడ ఆ రెండూ ఎప్పుడో రాజీపడి ఒకే ఖోలీలో, అంటే ఒకే గదిలో, కాపురం పెట్టాయి. ఒకదాని జోలికి ఒకటి పోదు. మావాళ్ళు ఆ రెండింటిలో ఏ ఒక్కదాన్నీ పూర్తిగా చెయ్యరు కాబట్టి తగాదాకు చోటే లేదు.

నేను ఇక్కడి తెలుగు బడిలో ముప్ఫై ఏళ్ళకు పైగా సైన్సు చెప్పి రిటైరయ్యాను. బడి చుట్టూ సాంచాలే. పుస్తకాల్లో మరమగ్గాలని రాస్తారు, మేం సాంచాలంటాం. వాటి టకటకల మీదుగా పాఠం వినిపించాలని అరిచి అరిచి నాకు తగాదా గొంతు వచ్చేసింది. మంచినీళ్ళు అడిగినా కొట్లాటకు వచ్చాననుకుంటారు. చాలాసార్లు నిజంగానే కొట్లాటకే వస్తాను, అది వేరే సంగతి.

నల్లబల్ల మీద రోజూ "సామాన్య శాస్త్రం" అని రాసేదాన్ని. పిల్లలు ఇంటికి పోతే అక్కడ ఇంకో శాస్త్రం ఉండేది. మంగళవారం గోళ్ళు తీస్తే శాస్త్రం ఒప్పుకోదు, ఫలానా దిక్కుకు తల పెడితే శాస్త్రం ఒప్పుకోదు. సరే, అది పంతుళ్ళ శాస్త్రం అనుకుందాం. మా ఇళ్ళల్లో వీటన్నింటికంటే బలమైనది ఇంకోటుంది. కడుపు నిండిన చుట్టం కంచం ముందు మొరాయిస్తే "శాస్త్రానికన్న ఇంత నోట్లె ఏస్కో" అంటారు. పెండ్లికొడుకు తలస్నానానికి నీళ్ళు చాలకపోతే "శాస్త్రానికి నెత్తి మీద ఇన్ని చల్లుండ్రి" అంటారు. అంటే చేసినట్టు కనిపిస్తే చాలు, చెయ్యనక్కర్లేదు. విజ్ఞానానికీ వేదానికీ ఉత్తుత్తి పనికీ కలిపి ఒకే మాట వాడుకుంటున్న మనుషులకు నేను క్రిముల గురించి పాఠం చెప్పాను. నా బుద్ధిని ఏమనాలి?

ఈ మాట మీద నాకు ఇంత కక్ష ఎందుకో చెప్పాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి.

మా నాయిన కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి భివండిలోనే నార్పోలి అనే పేటలో ఒకరి సాంచాల మీద పనిచేశాడు. దేవుణ్ణి నమ్మేవాడు కాదు. పక్క సాంచ మీద నిమ్మకాయ కట్టిన వాణ్ణి చూసి, మిషనుకు నూనె కావాలె గాని నిమ్మకాయ ఎందుకురా అని నవ్వేవాడు. నేను పదిహేడేళ్ళ పిల్లనై ఉండగా టీబీతో పోయాడు. అప్పటికి తమ్ముడు ఇంకా చిన్నపిల్లాడు. అమ్మ నూలు కండెలు చుట్టింది, నేను ట్యూషన్లు చెప్పాను, ఇద్దరం కలిసి వాణ్ణి పెంచాం. నేను పెండ్లి చేసుకోలేదు. ఎందుకని అడగకండి, అడిగిన వాళ్ళకు ఇంతవరకూ మంచి జవాబు దొరకలేదు.

తమ్ముడు మాత్రం నాయినలా కూలీగా మిగల్లేదు. కిరాయికి ఒక షెడ్డు తీసుకుని, సెకండ్‌హ్యాండ్ సాంచాలు కొని, చిన్న షేటు అయ్యాడు. ఇక్కడి మా తెలుగువాళ్ళ సంఘంలో పెద్దమనిషి కూడా అయ్యాడు. నాయిన నుంచి వాడికి ముక్కు వచ్చింది, బుద్ధి రాలేదు. ఒక దసరాకు సాంచాలకు పూజ చేసి, పసుపు నీళ్ళు చల్లే ఉత్సాహంలో మోటారు స్టార్టరు మీద కూడా చల్లాడు. ఫట్‌మని పేలి షెడ్డంతా చీకటైంది. అందరూ బయటికి పరుగెత్తారు. వాడు మాత్రం చేతులు జోడించి, పోనీ, దిష్టి పోయింది అన్నాడు. మర్నాడు మెకానిక్కును పిలిపించి స్టార్టరు మార్పించి, కొత్తదానికి కూడా బొట్టు పెట్టాడు. మెకానిక్కు, బొట్టు, రెండూ ఉండాలి వాడికి. ఒకదాని మీద పూర్తిగా ఆధారపడటమంటే వాడికి చచ్చేంత భయం. ఆ భయం ఎక్కడిదో నాకు చాలా కాలం తెలియలేదు. గొర్రెతనం అనుకుని తిట్టేదాన్ని.

మూడేళ్ళ కిందట వాడికి దగ్గు మొదలైంది. నార్పోలిలో దగ్గని మగాడు లేడు, దూది పొట్టు అందరి ఛాతీల్లోనూ ఉంటుంది, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. జ్వరం వచ్చి, ఒళ్ళు సగమయ్యాక నేను మెడపట్టి సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. టీబీ అన్నారు. ఆ మాట వినగానే వాడు డాక్టరు వైపు చూడలేదు, తలుపు వైపు చూశాడు. సంఘం వాళ్ళెవరైనా విన్నారేమోనని వాడి బెంగ.

డాక్టరమ్మ మరాఠీ పిల్ల. చిన్న వయసు, పెద్ద ఓపిక. రోజుకు నాలుగు గోళీలు, ఆరు నెలలు, ఒక్కరోజు కూడా తప్పకూడదు అని నెమ్మదిగా చెప్పింది. ఇంటికి వచ్చాక నేను మళ్ళీ చెప్పాను. మందు మొదట బలహీనమైన క్రిములను చంపుతుంది, మొండివి చివరిదాకా ఉంటాయి, మధ్యలో మందు తగ్గిస్తే ఆ మొండివాటికి మందు అలవాటైపోతుంది, ఇక లొంగవు అని. చాల్‌లో మన ఖోలీల వరసలో నల్లులకు సగం మందు కొడితే ఏమవుతుందో నీకు తెలుసు కదరా అన్నాను. సరే అక్కా అన్నాడు. ముఖానికి మాస్కు పెట్టుకోమంటే పెట్టుకున్నాడు, శాస్త్రానికి, గడ్డం కిందికి వేలాడేసి.

అప్పుడే మా సంఘం హాల్లో ఒక ఉపన్యాసం పెట్టారు. హైదరాబాదు నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీరు వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో లేజరు లైటు. మన ఆచారాలన్నీ విజ్ఞానమే, విజ్ఞానమంతా మన ఆచారాల్లోనే ఉంది, రెండింటికీ గొడవే లేదు అన్నది ఆయన పాట. కాలి వేలి మెట్టెలో నరాల వైద్యముందట. గడపకు రాసిన పసుపు గడప దాటే రోగాన్ని ఆపుతుందట. గుళ్ళో గంట కొడితే ఆ తరంగాలకు సూక్ష్మజీవులు చచ్చిపోతాయట. అమెరికాలో రుజువు చేశారట. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు అంటే చెప్పడు. అమెరికా అంటే చాలు, మళ్ళీ అడ్రసు కూడానా.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి అడిగాను. "అయ్యా, గంట మోతకే క్రిములు చస్తే, పగలూ రాత్రీ ఇన్ని సాంచాలు మోగే భివండిలో ఒక్క దోమైనా ఉండొద్దు గదా?" హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. అమ్మా, మీరు తరంగాల గురించి కొంచెం చదువుకోవాలి అన్నాడు. తరంగాల గురించి! నాకు! నా బడిలో చదివి ఫెయిలైన వాడు కూడా నన్ను ఆ మాట అనలేదు. నేను ఇంకేదో అనబోతుంటే సంఘం పెద్దలు టీచరమ్మా కూసోండ్రి, టీచరమ్మా కూసోండ్రి అని చేతులూపారు. ఆ చేతులూపిన వాళ్ళలో మా తమ్ముడూ ఉన్నాడు.

ఆయన చివరగా ఉపవాసం దగ్గరికి వచ్చాడు. ఒక్కపొద్దు ఉంటే ఒంట్లోని మంచి కణాలు చెడ్డ కణాలను తినేస్తాయట. ఎంతటి రోగమైనా సగం తగ్గుతుందట. మందులు మానమని నేననను, మందూ వేసుకోండి, ఉపవాసమూ ఉండండి, రెండూ కలిస్తేనే పూర్తి వైద్యం అన్నాడు. చప్పట్లు మోగాయి. మందులు మానమని చెప్పిన మూర్ఖుణ్ణి పట్టుకోవచ్చు. ఇలా మధ్యలో నిలబడి రెండు వైపులా నమస్కారం పెట్టేవాణ్ణి ఎక్కడ పట్టుకుంటాం?

ఇంటికి నడుస్తూ తమ్ముడు ఎంత నెమ్మదిగా ఉన్నాడంటే, జబ్బు మొదలయ్యాక వాణ్ణి అంత నెమ్మదిగా నేను చూడలేదు. "చూసినవా అక్కా, రెండు ఒక్కటేనంట. నువ్వు ఉత్తగ కొట్లాడుతవ్" అన్నాడు. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకు, మధ్యలో ఏ తిథి వస్తే దానికి ఒక్కపొద్దులు పట్టాడు. పొద్దంతా కడుపు మాడ్చుకుని ఎప్పుడో ఒక పూట తినేవాడు. ఆ ఒంటికి ఉపవాసమేందిరా అని తిట్టాను. మందు మింగుతున్న గదా అన్నాడు. నిజంగా మింగుతున్నావా అని పోయినప్పుడల్లా అడిగాను. "ఒక్కరోజు గూడ తప్పలే అక్కా" అనేవాడు. నా కళ్ళలోకి చూసి చెప్పేవాడు. వాడు నాతో అబద్ధం చెప్పడని నాకు తెలుసు. వాడు చెప్పలేదు కూడా.

మొదట కాస్త తేరుకున్నాడు. చెంపలు నిండాయి. ఇంజనీరు గారి కీర్తి మా వీధిలో పెరిగింది. తర్వాత మళ్ళీ దగ్గు వచ్చింది, జ్వరం వచ్చింది. మళ్ళీ పరీక్ష చేశారు. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. అసలు పనిచేయాల్సిన మందే ఇక ఈ క్రిముల మీద పనిచేయదని చెప్పింది. ఎన్ని రోజులు మానేశారు అని హిందీలో అడిగింది. ఏక్ దిన్ భీ నహీ మేడమ్ అన్నాడు వాడు. ఆమె నా వైపు తిరిగి, బాయీ, మీరు చెప్పండి అంది. నేను గుండె మీద చెయ్యి పెట్టుకుని, నా తమ్ముడు ఒక్కరోజు కూడా తప్పలేదని చెప్పాను. ఇంకా నయం, రాసిమ్మని అడగలేదు.

అది జరిగిన కొన్నాళ్ళకే ఒక మధ్యాహ్నం వాళ్ళింట్లో కూర్చున్నాను. పక్క ఖోలీ ఆమె ఏదో పేరంటానికి పిలవడానికి వచ్చింది. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, రొట్టెల పిండి పిసుకుతోంది. చేతులు ఖాళీ లేక, వదినె, దేవుని అల్మారీలున్న కుంకుమ బరిణె తీసి ఆమెకు బొట్టు పెట్టు అంది. అల్మారాలో రెండు బరిణెలున్నాయి. ఒకదాని మూత తీశాను. ఎర్రగానే ఉంది. వేలు పెట్టబోతే గరగరా తగిలింది. పొడి కాదు, ముక్కలు. టీబీ గోళీల రంగు నాకు తెలుసు. ఇంకొంచెమైతే ఆ పక్కింటామె నుదుట క్షయ మందు పెట్టి పంపేదాన్ని.

ఆమె పోయేదాకా ఆగాను. ఎలా ఆగానో నాకే తెలియదు. తర్వాత ఆ బరిణె మరదలి ముందు పెట్టి, ఇదేంది అని అడిగాను. మా మరదలు చెడ్డ మనిషి కాదు. మొగుడికి జబ్బని తెలిసినప్పటి నుంచి తను కూడా సరిగా తినలేదు. ఆమె పిండి చేతులు తుడుచుకుని, ఏ తొట్రుపాటూ లేకుండా చెప్పింది.

"ఒక్కపొద్దునాడు ఉత్త కడుపుల నాలుగు గోళీలు ఎట్ల మింగుతడు వదినె? కడుపుల తిప్పుతది. గందుకే శాస్త్రానికి ఇంత ముక్క కత్తిరించి తీర్థంల ఇచ్చిన. రోజు తప్పద్దు అంటివి గదా. తప్పలే."

వక్కలు కత్తిరించే అడకత్తెరతో కత్తిరించిందట. మిగతా ముక్కలు ఎందుకు దాచావే అంటే, మందు గద వదినె, పారేస్తె పాపం అంది.

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. నా జీవితమంతా చెప్పిన పాఠాలు ఆ మూరెడు అల్మారాలో ముక్కలై పడున్నాయి. వాళ్ళు మందు మానలేదు. దేవుణ్ణీ మానలేదు. వారంలో సగం రోజులు క్రిములకు నాలుగు గోళీలు, మిగతా సగం రోజులు ప్రసాదమంత ముక్క. శత్రువుకు మన బలమెంతో రోజూ కొంచెం కొంచెం రుచి చూపించి పంపించారు. మా తమ్ముడి ఛాతీలో ఉన్న క్రిములు నా క్లాసులో ఏ పిల్లాడూ నేర్చుకోనంత బాగా పాఠం నేర్చుకున్నాయి.

తిట్టాను. ఇంజనీరును తిట్టాను, సంఘాన్ని తిట్టాను, అడకత్తెరను కూడా తిట్టాను. మరదలు ఏడ్చింది. తర్వాత ఆ ఏడుపు మధ్యలోనే, గట్లయితే ముందుగాలనే చెప్పద్దా, రోజు తప్పద్దు అంటివి గాని ముక్క చెయ్యద్దని ఎవరన్న చెప్పిండ్రా అని అడిగింది. ఎవరు చెప్తారు? డాక్టరమ్మ ఊహకు అందుతుందా ఇది? నాలుగు గోళీలు అంటే నాలుగు పూర్తి గోళీలు అని ఏ దేశంలోనైనా విడమరిచి చెప్పాలా? మా దగ్గర చెప్పాలి. మా దగ్గర అంకెలకు కూడా శాస్త్రానికి అంకెలు, నిజం అంకెలు అని రెండు రకాలుంటాయి.

డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. ఆ పిల్లకు "శాస్త్రానికి" అన్న మాట మరాఠీలో ఎలా చెప్పాలో తెలియక అవస్థ పడ్డాను. అర్థమయ్యాక ఆమె తల పట్టుకుంది. కొత్త మందు మొదలుపెట్టారు. మొదటిదానికంటే పెద్ద మందు, ఎక్కువ కాలం. కడుపులో దేవేస్తుంది, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఒళ్ళు నల్లబడుతుంది. దీన్ని కూడా చెడగొట్టుకుంటే ఆ తర్వాత తమ దగ్గర పెద్దగా ఏమీ లేదని ఆమె దాచకుండా చెప్పింది. అంటే ఏమిటో నాకూ తమ్ముడికీ మరదలికీ, ముగ్గురికీ తెలిసింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే వాళ్ళింటికి పోయి వాడి ముందు కూర్చునేదాన్ని. ఒక్కో గోళీ చేతిలో పెట్టి, మింగాక నోరు తెరవమనేదాన్ని. యాభై ఏళ్ళవాడు ఆ అని నోరు తెరిచేవాడు. మరదలు కూడా మారింది. అడకత్తెర అటక మీదికి ఎక్కింది. ఒక్కపొద్దులు జబ్బు తగ్గినంక చూస్కుందాం, దేవుడు ఏమనుకోడు అని వాడికి ఆమే చెప్పడం మొదలుపెట్టింది. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను.

ఒక సోమవారం వాడు నోరు తెరవలేదు.

ఈ రోజు వద్దు అన్నాడు. ఎందుకంటే ఒక్కపొద్దు అన్నాడు. రోగిష్ఠికి ఒక్కపొద్దు లేదని పంతులే చెప్పాడు కదరా అన్నాను. తెలుసు అన్నాడు. మరదలు బతిమాలింది, దండం పెట్టింది. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మంగళవారం కూడా వద్దన్నాడు. మంగళవారం ఏ దేవుడిదిరా అంటే దుప్పటి మీదికి లాక్కున్నాడు. నాకు అప్పుడు అనుమానం వచ్చింది, ఇది దేవుడి సంగతి కాదని. మరదల్ని పాలకు పంపించాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి వీధిలో సాంచాలన్నీ ఆగిపోయాయి. అలవాటు లేని నిశ్శబ్దం. నా గొంతు నాకే పెద్దగా వినిపించి, తగ్గించుకుని అడిగాను. నీకు నిజంగా ఏమైందిరా?

వాడు ఇటు తిరిగాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"నాయిన అన్ని మింగిండు గదక్కా" అన్నాడు.

వాడే చెప్పుకుపోయాడు. నాయిన ఏ దేవుడికీ మొక్కలేదు, మందునే నమ్మాడు, ఒక్క గోళీ వదలకుండా మింగాడు, అయినా పోయాడు. అన్నీ మింగితే, అన్నీ చేస్తే, ఆ తర్వాత ఇంక ఏమీ మిగలదు కదా. కొంచెం మిగుల్చుకుంటే ఇంకా ఏదో ఉందనిపిస్తుంది. దేవుడి దగ్గర కొంచెం, గోళీలో కొంచెం. మొత్తం మింగి కూడా చచ్చిపోతే ఎట్ల అక్కా అన్నాడు.

ఇన్నాళ్ళూ నేను వాడి గొర్రెతనం అనుకున్నది ఇదన్నమాట.

నాయినకు ఆలస్యమైంది, అప్పటికే ఊపిరితిత్తులు తినేసింది, అందుకే పోయాడు అని చెప్పాను. అది నిజం. "నాకు గూడ ఆలస్యమే అయింది గదా" అన్నాడు. అదీ నిజమే. నా దగ్గరున్న నిజాలన్నీ వాణ్ణి చంపడానికే పనికొచ్చేట్టు ఉన్నాయి.

నాయిన మందు సంగతి నాకంటే బాగా తెలిసిన వాళ్ళు లేరు. అమ్మ కండెల పనికి పోయేది కాబట్టి నాయినకు గోళీలు ఇచ్చింది నేనే. చివరి నెలల్లో నీళ్ళు కూడా దిగని గొంతుతో, ఒక్కొక్కటి మింగడానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, అయినా ఒక్కటి కూడా వదల్లేదు. వద్దులే నాయినా అని నేనంటే, డాక్టరు చెప్పిండు గద బిడ్డా అనేవాడు. ఈ ఊళ్ళో ఒక పనిని శాస్త్రానికి కాకుండా పూర్తిగా చేసిన మనిషిని నేను చూశానంటే ఆయన్నే చూశాను. ఆ సంగతి తమ్ముడికి చిన్నప్పటి నుంచి గర్వంగా చెప్పి పెంచాను. వాడు నా నోటి నుంచే విన్నాడు.

"నాయిన మింగలేదురా" అన్నాను.

వాడు అర్థం కానట్టు చూశాడు. నువ్వే చెప్పినవ్ గదా అన్నాడు.

పోయినాయన ఇజ్జత్ కోసం అలా చెప్పానన్నాను. సగం గోళీలు చాటుగా మురికినీళ్ళు పోయే మోరీలో పారేసేవాడని, నేను కళ్ళారా చూశానని, అమ్మకు కూడా చెప్పలేదని చెప్పాను. మొత్తం మింగి ఉంటే బతికేవాడన్నాను. అబద్ధాలు ఒకదాని తర్వాత ఒకటి అంత తేలిగ్గా ఎలా వచ్చాయో. వాడు నమ్మలేదు. నా ముఖంలోకి వెతుకుతున్నాడు. ఇంకా ఏదో కావాలి వాడికి. అది ఏమిటో నాకు తెలుసు. నా అరవై ఏళ్ళలో ఎన్నడూ నా నోటి నుంచి రానిది.

"పోచమ్మ తోడు" అన్నాను.

నన్ను చూసి ఎందరు నవ్వుకున్నా సరే. నేను లేదని చెప్పే ఆ తల్లి మీద, ఒట్టేసి, ఉన్న నిజాన్ని లేదన్నాను. వాడు లేచి కూర్చున్నాడు. నువ్వు దేవుని తోడు పెడుతున్నవా అక్కా అని, దాదాపు భయంతో అడిగాడు. అవును, పోచమ్మ తోడు, నీ మీద ఒట్టు, నువ్వు పోతే నాకెవరున్నర్రా అన్నాను. ఏడ్చాను కూడా. ఆ ఏడుపు మాత్రం అబద్ధం కాదు. వాడు చెయ్యి చాపాడు. గోళీలు పెట్టాను. ఒక్కొక్కటే మింగి, నేను అడగకముందే నోరు తెరిచి చూపించాడు.

ఆ తర్వాత ఒక్కరోజు కూడా తప్పలేదు. ముక్క కూడా వదల్లేదు. ఏడాది దాటాక డాక్టరమ్మ ఇక చాలు అంది. ఒళ్ళు నలుపు ఇంకా పూర్తిగా పోలేదు గాని మనిషి నిలబడ్డాడు. మొన్న ఆ ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. ఉపవాసమూ మందూ కలిస్తే ఏమవుతుందో చూడండి అని నా తమ్ముణ్ణి వేదిక మీదికి పిలిచి మరీ చూపించాడు. నేను లేవలేదు. అరవలేదు. పోచమ్మ తోడు పెట్టిన నోటితో ఏమని అరుస్తాను? నా తరంగాల చదువు అంతటితో సరి.

తమ్ముడు ఇప్పుడు ఊరికే ఉండడు. ఎవరికి టీబీ అని తెలిసినా, నార్పోలిలో కానీ పక్కనున్న కాల్హేర్ గోదాముల్లో కానీ, వాళ్ళ ఖోలీకి పోయి కూర్చుంటాడు. సగం మింగితే ఏమవుతుందో తన కథ చెప్తాడు. వినకపోతే నాయిన కథ చెప్తాడు. మా నాయిన గోళీలు మోరీల పారేసి సచ్చిపోయిండు, మీరు గట్ల చెయ్యకుండ్రి అంటాడు. వాళ్ళు భయపడి మింగుతున్నారు. బాగుపడుతున్నారు కూడా. నేనెన్ని పాఠాలు చెప్పినా మింగని మనుషులు.

పోయిన వారం కూరగాయల బండి దగ్గర నాయినతో కలిసి సాంచాలు నడిపిన ముసలాయన కనిపించాడు. కర్ర పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "మీ నాయిన అంటే మాకు ఎంత గౌరవముండె బిడ్డా" అన్నాడు. "పట్టిన పని ఇడిసేటోడు కాదనుకుంటిమి. గోళీలు నిజంగనే గట్ల మోరీల పారేసిండా?"

"పారేసిండు కాకా" అన్నాను.